బాన్‌షీ ఏడిస్తే ఎవరికి మూడినట్టు? కెల్టిక్ చావు శకునాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డబ్లిన్‌లో ఉంటానని తెలిసినప్పటి నుంచి మనవాళ్ళు అడిగేవి రెండే రకాల ప్రశ్నలు: వీసాల గురించి, దెయ్యాల గురించి. వీసాల సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దెయ్యాల సంగతి మాత్రం సినిమాలూ వీడియో గేములూ కలిసి బాగా పాడుచేశాయి. అందుకే ఎక్కువమంది అడిగినవాటికి ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

కెల్టిక్ అంటే ఏ దేశం?

ఒక దేశం కాదు. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లోని కొండసీమలూ దీవులూ, వేల్స్, ఫ్రాన్స్‌కి పడమటి కొసన ఉన్న బ్రిటనీ ముఖ్యమైనవి. కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మ్యాన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీళ్ళని కలిపేది భాష. మన తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం అయినట్టే ఐరిష్, స్కాట్లాండ్ గేలిక్, వెల్ష్, బ్రెటన్ ఒక కుటుంబం. చావు శకునాలు మాత్రం ఊరికో తీరు. ఐర్లాండ్‌లో చావు కబురు ఎక్కువగా చెవిన పడుతుంది, వేల్స్‌లో కంటికి కనిపిస్తుంది, బ్రిటనీలో బండి కట్టుకుని వస్తుంది.

బాన్‌షీ మనుషుల్ని చంపుతుందా?

చంపదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, మిగతాదంతా చదవకపోయినా ఫర్వాలేదు. అరుపుతో చెవులు పగలగొట్టి చంపే బాన్‌షీ గేముల్లో పుట్టింది. ఐరిష్ పల్లెల్లో చెప్పే బాన్‌షీ ఎవరి జోలికీ పోదు. ఆ ఇంట్లో ఒక ప్రాణం పోబోతోందని ఆమెకి ముందే తెలుస్తుంది, వచ్చి ఏడుస్తుంది. అంతే ఆమె పని.

పేరులోనే సంగతి ఉంది. ఐరిష్‌లో ‘బాన్’ అంటే ఆడమనిషి, ‘షీ’ అంటే మట్టిదిబ్బ. ఐర్లాండ్ పొలాల మధ్య గడ్డి కప్పుకుని పడుకున్న పాతకాలపు దిబ్బలు బోలెడు. వాటి లోపల మరో లోకపు జనం ఉంటారని నమ్మకం. ఆ దిబ్బలోంచి వచ్చిన ఆడమనిషి బాన్‌షీ. దేశానికి ఆగ్నేయంగా ఉన్న కొన్ని జిల్లాల్లో ఆమెని ‘బౌ’ అంటారు. పాతకథల్లో యుద్ధభూమి మీద కాకి రూపంలో ఎగిరే దేవత పేరు అది.

అయితే ఎవరి ఇంటి దగ్గరైనా ఏడుస్తుందా?

లేదు, ఇక్కడే అసలు మజా ఉంది. బాన్‌షీకి వంశం కావాలి. ఇంటిపేరు ముందు ‘ఓ’ గానీ ‘మాక్’ గానీ ఉన్న పాత ఐరిష్ కుటుంబాల వెంటే ఆమె ఉంటుంది: ఓనీల్, ఓబ్రయన్, ఓకానర్, ఓగ్రేడీ, కవనా. చివరిదానికి ‘ఓ’ లేకపోయినా అది ఐర్లాండ్ తూర్పున ఉన్న లెన్‌స్టర్ ప్రాంతాన్ని ఏలిన రాజుల వంశం. బయటి నుంచి వచ్చి స్థిరపడి, తరాలు గడిచేసరికి ఐరిష్‌వాళ్ళ కన్నా ఎక్కువ ఐరిష్‌గా మారిన ఫిట్జ్‌జెరాల్డ్ లాంటి కుటుంబాలకీ ఈ భాగ్యం దక్కింది.

భాగ్యం అని ఊరికే అనలేదు. ఐర్లాండ్ నైరుతి కొసన ఉన్న కెర్రీకి చెందిన 17వ శతాబ్దపు కవి పియరస్ ఫెరిటేర్, ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు) చనిపోయిన ఒక ఫిట్జ్‌జెరాల్డ్ కోసం రాసిన శోకగీతంలో దీని మీదే చమత్కరించాడు. కెర్రీ అంతటా బాన్‌షీలు ఏడుస్తున్నారు. డింగిల్ రేవులో ఆ ఏడుపు విన్న వర్తకులు తమకే మూడిందని వణికిపోయారు. వాళ్ళకి కవి చెప్పిన ధైర్యం ఏమిటంటే, మీలాంటి వాళ్ళ కోసం బాన్‌షీలు ఏడవరు, నిశ్చింతగా ఉండండి అని! బతికినందుకు సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో తెలియని పరిస్థితి.

చూడటానికి ఎలా ఉంటుంది?

చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు ఎక్కువ. చూశామన్నవాళ్ళు చెప్పేది చాలావరకు పొట్టిగా ఉండే ముసలామె గురించి. తెల్లటి జుట్టు విరబోసుకుని, కిటికీ కిందో, గోడ మీదో, వాగు ఒడ్డునో కూర్చుని తల దువ్వుకుంటూ ఉంటుంది. ఎర్రజుట్టు అందగత్తె ఎక్కువగా పుస్తకాల్లోనే కనిపిస్తుంది.

ఏడుపు మాత్రం అందరూ దాదాపు ఒకేలా చెబుతారు. కీచుమనే అరుపు కాదట, సాగదీసిన శోకం. ఇంటి చుట్టూ తిరుగుతూ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తుంది. కుక్కలు మొరగడం మాని మూలకి చేరతాయి. ఒక వింత ఏమిటంటే, ఊరంతటికీ వినిపించే ఆ ఏడుపు పోబోయే మనిషికి మాత్రం వినపడదని చాలాచోట్ల చెప్పుకుంటారు.

ఐర్లాండ్‌లో దారిలో దువ్వెన దొరికితే తీయకూడదంటారు, ఎందుకు?

అది బాన్‌షీది అయి ఉంటుందని. పిల్లలకి ఇప్పటికీ ఈ మాట చెప్పే అమ్మమ్మలు ఉన్నారు. కథ ఇలా సాగుతుంది. ఒకతను దారిలో దొరికిన దువ్వెన ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ రాత్రి కిటికీ బయట ఏడుపు, అద్దం మీద టకటకమని చప్పుడు. ఇంట్లో ఉన్న పెద్దామెకి విషయం అర్థమవుతుంది. దువ్వెనని చేత్తో ఇవ్వొద్దు అంటుంది. పొయ్యిలో నిప్పులు తీసే ఇనప పట్టకారుని ఎర్రగా కాల్చి, దానికి దువ్వెన తగిలించి కిటికీలోంచి బయటికి చాపుతారు. దువ్వెన మాయమవుతుంది. పట్టకారు వెనక్కి లాగి చూస్తే మెలి తిరిగి ఉంటుంది. ‘పట్టకారు బదులు నీ చెయ్యే అయ్యుంటే?’ అని పెద్దామె అడగడంతో కథ అయిపోతుంది.

ఇలాంటి కథలు వందల్లో దొరకడానికి కారణం ఒక మంచి ప్రభుత్వ పని. 1935లో ఐరిష్ జానపద కమిషన్ పెట్టారు. 1937 నుంచి 1939 వరకు సుమారు 5,000 బడుల్లో పెద్ద తరగతుల పిల్లలకి నోటుపుస్తకాలిచ్చి, ఇంట్లో ముసలివాళ్ళని అడిగి కథలు రాసుకురమ్మన్నారు. సుమారు 7,40,000 పేజీలు పోగయ్యాయి. ఇప్పుడు అవి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వంకరటింకర చేతిరాతలో, ‘ఇది మా తాత చెప్పాడు’ అనే ముక్తాయింపుతో ఉన్న ఆ పేజీలు చూస్తుంటే మనకీ ఎవరైనా ఆ పని చేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇదంతా నోటిమాటేనా, పాత రాతల్లో ఉందా?

ఉంది. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే నాడు డబ్లిన్ పక్కన క్లాన్‌టార్ఫ్‌లో యుద్ధం జరిగింది. ఐర్లాండ్ ముసలి రాజు బ్రయన్ బోరు తన గుడారంలో ప్రార్థన చేసుకుంటున్నాడు. తప్పించుకుని వెళ్ళిపోదాం రమ్మని పక్కనున్న కుర్రాడు అంటే, క్రాగ్ లియా కొండ నుంచి ఈవల్ నిన్న రాత్రి నా దగ్గరికొచ్చింది, ఇవాళ నేను చస్తానని చెప్పింది అన్నాడట. ఆ రోజే చనిపోయాడు. ఇది 12వ శతాబ్దపు గ్రంథంలోని మాట. బ్రయన్ సంతతే ఓబ్రయన్లు, ఈవల్ వాళ్ళ కులదేవత లాంటిది. ఆ కొండ క్లేర్ కౌంటీలో కిలలూ ఊరి దగ్గర ఇప్పటికీ అదే పేరుతో ఉంది. గమనించారా, ఇక్కడ ఆమె ఏడవలేదు, ముఖం మీదే చెప్పేసింది.

అదే క్లేర్‌లో 1317లో డొనహా ఓబ్రయన్ సైన్యం ఒక చెరువు పక్కగా వెళుతుంటే, వికారమైన ముసలిది నీళ్ళలో తెగిన తలలూ కాళ్ళూచేతులూ కడుగుతూ కనిపించింది. ఎవరివని అడిగితే, మీవే, అందులో నీ తల కూడా ఉంది అంది. కార్కమ్‌రో మఠం దగ్గర జరిగిన పోరులో అతను పోయాడు. మరుసటి ఏడాది ఇంగ్లీషు ప్రభువు రిచర్డ్ డి క్లేర్ ఫెర్గస్ నది దాటుతుంటే మరో ముసలిది కవచాలు ఉతుకుతోంది, నది ఎర్రబడింది. అతనికి ఐరిష్ రాదు కాబట్టి దుబాసీని పెట్టి అడిగించాడు. నీవే అని జవాబు. పట్టించుకోవద్దని సైన్యంతో అని ముందుకు నడిచాడు. 1318 మే 10న డైసర్ట్ ఓడేలో చనిపోయాడు. ఓబ్రయన్ల పక్షం రచయిత రాసిన చరిత్ర కాబట్టి శత్రువు చావుకి కాస్త రంగు ఎక్కువే పులిమి ఉంటాడు. అయినా చావు శకునానికి దుబాసీని పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చదవలేదు.

నిజంగా మనుషులు ఇలా ఏడ్చేవాళ్ళా?

బాన్‌షీ ఏడుపుకి మూలం అదే. ఐర్లాండ్‌లో శవం చుట్టూ కూర్చుని శోకాలు పెట్టే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. దాన్ని కీనింగ్ అంటారు. మన పల్లెల్లో శవం దగ్గర రాగం తీసి, పోయినవాళ్ళ గుణగణాలన్నీ వరసపెట్టి ఏడవడం విన్నవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. అందులో చేయి తిరిగినవాళ్ళని పిలిపించి, తిండీ విస్కీ పొగాకూ ఇచ్చేవాళ్ళు. కేథలిక్ చర్చికి ఇది గిట్టలేదు. పాదిరీలు పదే పదే నిషేధించారు. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి దాదాపు పోయింది.

పోయేలోగా గొప్ప కవిత్వం మిగిల్చింది. 1773లో కార్క్ కౌంటీలో ఆర్ట్ ఓలియరీని కాల్చి చంపితే, గర్భిణి అయిన భార్య ఐలీన్ గుర్రమెక్కి పరుగున వచ్చింది. అతని ఒంటి నుంచి కారుతున్న నెత్తురుని దోసిట పట్టి తాగానని తన శోకంలో చెప్పుకుంది. మనుషులే ఇలా ఏడ్చే చోట, వంశానికి పెద్దముత్తైదువలా మరో లోకం నుంచి ఒకామె ముందుగానే వచ్చి ఏడవడంలో వింతేముంది?

స్కాట్లాండ్‌లో వాగు దగ్గర బట్టలుతికే ఆమె ఎవరు?

బెన్ నీయె. పేరుకి అర్థం ‘ఉతికే ఆడది’. ఏకాంతమైన వాగుల దగ్గర, పోబోయేవాళ్ళ శవవస్త్రాలు ఉతుకుతుంది. ఈమె వెనకున్న నమ్మకం నన్ను చాలా రోజులు వదల్లేదు. పురిట్లో పోయిన ఆడది బెన్ నీయె అవుతుందట. ఇంకా ఎన్నేళ్ళు బతకాల్సి ఉందో అన్నేళ్ళూ వాగు ఒడ్డున ఉతుకుతూనే ఉండాలి. అందుకే పురిట్లో ఎవరైనా పోతే ఆమె విడిచిన బట్టలన్నీ వెంటనే ఉతికేసేవాళ్ళు. ఉతకాల్సినవి ఏవీ మిగలకపోతే ఆమెకి ఆ చాకిరీ తప్పుతుందని. చచ్చాక కూడా వదలని ఇంటిపని ఇది. దీన్ని అల్లినవాళ్ళు తప్పకుండా ఆడవాళ్ళే అయి ఉంటారు.

ధైర్యవంతులకి ఒక దారి ఉంది. ఆమెకీ నీళ్ళకీ మధ్య చప్పుడు కాకుండా వెళ్ళి నిలబడితే మూడు ప్రశ్నలకి జవాబిస్తుంది. బదులుగా ఆమె అడిగేవాటికి మనమూ నిజమే చెప్పాలి.

రెండో చూపు అంటే?

స్కాట్లాండ్ దీవుల్లో కొందరికి ఉండేదని చెప్పే శక్తి. కావాలని తెచ్చుకున్నది కాదు, వద్దన్నా వదలదు. స్కై దీవికి చెందిన మార్టిన్ మార్టిన్ 1703లో అచ్చువేసిన పుస్తకంలో దీని కొలతలు కూడా ఇచ్చాడు. ఎదుటి మనిషి ఒంటి మీద శవవస్త్రం కప్పినట్టు కనిపిస్తుంది. అది నడుము దాటకపోతే ఇంకో ఏడాది పైమాటే. తలవైపు పాకిన కొద్దీ గడువు దగ్గరపడినట్టు. తల దాకా వస్తే రోజులో, గంటలో. సంతలో ఎదురైన పరిచయస్తుణ్ణి పలకరిస్తూ అతని గడ్డం దాకా తెల్లబట్ట చూడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వేల్స్‌లో కనిపించే శవదీపాలు మన కొరివి దెయ్యం లాంటివేనా?

చూపుకి అలాగే ఉంటాయి, పని వేరు. కొరివి దెయ్యం దారి తప్పిస్తుంది. వేల్స్ శవదీపం ఖచ్చితమైన దారిలో వెళుతుంది: పోబోయే మనిషి ఇంటి నుంచి చర్చి శ్మశానం దాకా, రేపు శవపేటిక ఏ దారిన వెళ్ళాలో అదే దారిన. ఎర్రగా ఉంటే మగవాళ్ళు, తెల్లగా ఉంటే ఆడవాళ్ళు, చిన్నగా నీలంగా ఉంటే పసిపిల్లలు. వేల్స్‌కి ఇలవేల్పు లాంటి సెయింట్ డేవిడ్, తన జనానికి చావుకి సిద్ధపడే వ్యవధి ఇమ్మని దేవుణ్ణి అడిగి ఈ దీపం తెచ్చాడని ఐతిహ్యం. అందుకే ఇవి ఆయన అధికార పరిధిలోనే ఎక్కువ కనిపిస్తాయంటారు.

కార్డిఫ్‌లో అమెరికా కాన్సుల్‌గా పనిచేసిన వర్ట్ సైక్స్ 1880లో అచ్చువేసిన కథ ఒకటి. లాండైలో నుంచి కార్మార్థెన్ వెళ్ళే గుర్రపు బండిలోని ప్రయాణికులు గోల్డెన్ గ్రోవ్ దగ్గర నీటి మీద మూడు దీపాలు తేలుతూ పోవడం చూశారు. కొన్నాళ్ళకి అక్కడే కొందరు బుట్టపడవలో నది దాటబోయారు. ఒకతను భయపడి ఒడ్డునే ఉండిపోయాడు. ఎక్కినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ మునిగిపోయారు.

వేల్స్‌లో ఇంకా చాలా ఉన్నాయి. జరగబోయే అంత్యక్రియల ఊరేగింపు రాత్రిపూట గాలిలో ముందే నడిచిపోవడం, వడ్రంగి కొట్టంలో ఎవరూ లేకుండానే శవపేటికకి మేకులు కొట్టే చప్పుడు, టౌవీ నది లోయలో వినిపించే మూలుగు. అనూన్ అనే పరలోకం నుంచి వచ్చే వేటకుక్కలది తలకిందుల లెక్క: అరుపు పెద్దగా వినిపిస్తే దూరంగా ఉన్నట్టు, సన్నగా వినిపిస్తే పక్కనే ఉన్నట్టు.

బ్రిటనీ ఆంకూ యముడేనా?

యముడు కాదు, యమభటుడు. అదీ శాశ్వత ఉద్యోగం కాదు. ఊళ్ళో ఆ ఏడాది ఆఖరున పోయిన మనిషి వచ్చే ఏడాదికి ఆ ఊరి ఆంకూ అవుతాడు. చావులు ఎక్కువైన ఏడాది, ఈసారి ఆంకూ దుర్మార్గుడు అనుకునేవాళ్ళు. అంటే పోయిన డిసెంబరు దాకా పక్కింట్లో ఉన్నవాడే! పెద్ద టోపీ, బక్కచిక్కిన ఒళ్ళు, ఇరుసు కిర్రుమనే బండి. కొడవలికి పదును బయటివైపు ఉంటుంది, లాగి కోయడు, ముందుకి తోసి కోస్తాడు. రాత్రి ఇరుసు చప్పుడు విన్నారంటే దగ్గర్లో ఎవరికో ఘడియలు నిండినట్టే.

వెళితే చూడొచ్చు కూడా. ప్లూమిల్యో చర్చిలో చెక్కతో చేసిన ఆంకూ ఉన్నాడు. లా రోష్ మోరిస్‌లో 1639 నాటి అస్థిశాల గోడ మీద బాణం పట్టుకున్న ఆంకూ పక్కన ‘మీ అందరినీ చంపుతాను’ అని చెక్కి ఉంది. పక్షపాతం లేదు, వంశం అడగడు.

తల లేని రౌతు?

ఐర్లాండ్‌లో డల్లహాన్. తన తల చంకలో పెట్టుకుని వస్తాడు. నల్ల బండి కూడా ఒకటుంది, వచ్చిందంటే ఖాళీగా తిరిగిపోదట. ఇతని మీద ఇంతకన్నా రాయాలనిపించదు. భయపెట్టడం తప్ప ఇంకేమీ చేయడు.

శకునం తెలిస్తే తప్పించుకోవచ్చా?

మామూలుగా కుదరదు. ఒక మినహాయింపు చెబుతారు. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున స్కాట్లాండ్‌లోని గ్లెన్‌కోలో, తమ ఇళ్ళలో పన్నెండు రోజులుగా అతిథులుగా ఉన్న సైనికులే మెక్‌డోనల్డ్ వంశస్థుల్ని సుమారు 38 మందిని చంపారు. అంతకుముందు రాత్రుళ్ళు ఆ వంశపు ‘ఏడ్చే ఆమె’ లోయలో వరసగా ఏడ్చిందట. అప్పటికే అనుమానం ఉన్నవాళ్ళు ఆ ఏడుపు విని లోయ వదిలి బతికారని చెబుతారు.

వీటికి సైన్సు వివరణ ఉందా?

కొంతవరకు. ఇక్కడి ‘బార్న్ ఔల్’ అనే తెల్లముఖపు గుడ్లగూబ ‘హూ’ అనదు, గొంతు చీరుకుపోయినట్టు అరుస్తుంది. దానికి ఐరిష్‌లో ఉన్న ఒక పేరుకి అర్థమే ‘శ్మశానపు కీచుగొంతు’. చిత్తడి నేలల్లో కుళ్ళిన మొక్కల వాయువుల వల్ల వెలుగులు కనిపిస్తాయని దీపాలకి చెబుతారు.

ఇక నక్క. నేనొచ్చిన మొదటి జనవరిలో, రాత్రి రెండింటికి, మా ఇంటి వెనక సందులో ఒక ఆడమనిషి అరిచింది. పీక పిసుకుతున్నప్పటి అరుపు. మూడు సెకన్లు నిశ్శబ్దం, మళ్ళీ అదే. పోలీసులకి ఫోన్ చేద్దామని కిటికీ తెరిస్తే, చెత్తడబ్బాల మధ్య ఒక నక్క నా వైపు తలెత్తి చూసి, తీరిగ్గా గోడ దూకి వెళ్ళిపోయింది. జతకట్టే కాలంలో అలాగే అరుస్తాయని పొద్దున పక్కింటావిడ చెప్పింది. విని ఊరుకోకుండా, ‘నక్కని చూశావు కదా? చూసుంటే ఫర్వాలేదు’ అంది.

అంటే ఇప్పటికీ నమ్ముతారా?

ఎవర్ని అడిగినా ‘అబ్బే, అవన్నీ పాతకాలపు మాటలు’ అంటారు. ఆ వెంటనే ‘మా నాయనమ్మ పోయిన రాత్రి మాత్రం...’ అని మొదలుపెడతారు. బల్లి శాస్త్రం నమ్మనంటూనే నెత్తిన పడితే తలస్నానం చేసేవాళ్ళం మనం, ఇందులో మనకి కొత్తేమీ లేదు.

కుటుంబంలోవాళ్ళు వేరే దేశంలో పోతే బాన్‌షీ ఎక్కడ ఏడుస్తుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. పుట్టింటి దగ్గరే ఏడుస్తుంది. 1840ల కరువు నుంచి ఐర్లాండ్ వదిలి అమెరికాకి పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. బోస్టన్‌లో కొడుకు పోతే, క్లేర్‌లో తల్లి కిటికీ దగ్గర ఏడుపు వినిపించేది. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. వచ్చాక తేదీ చూసుకుంటే అదే రాత్రి. ఫెరిటేర్ కవితలోనూ అంతే కదా, మనిషి పోయింది ఫ్లాండర్స్‌లో, ఏడ్చింది కెర్రీలో.

మనకి లెక్క తిరగబడింది. మేమిక్కడ ఉంటాం, పోయేవాళ్ళు అక్కడ ఉంటారు. ఊళ్ళో తెల్లవారుజాము అయితే ఇక్కడ అర్ధరాత్రి. పన్నెండు దాటాక ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరమూ వెంటనే తీయం. ముందు పేరు చూస్తాం.